కానుక కంటే ముందు బాకీ: విశ్వాసి అయిన యజమాని దుకాణం ఎలా నడపాలి

గుంటూరు, ఒంగోలు, ఖమ్మం, ఏ ఊరి బజారులో నడిచినా ఎబెనెజరు, షాలోమ్, బేతేలు, యెహోవా యీరే అనే పేర్లతో బోర్డులు కనబడతాయి. గల్లాపెట్టె వెనక వాక్యం రాసిన క్యాలెండరు ఉంటుంది. జనవరి ఒకటిన పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి వెళ్తారు. ఇదంతా సంతోషమే. అయితే ఆ కొట్లో పనిచేసే కుర్రాడికి, అప్పు మీద సరుకు వేసే హోల్‌సేల్ వ్యాపారికి, కాటా ముందు నిలబడ్డ మనిషికి మన విశ్వాసం ఎలాంటిదో తెలిసేది డబ్బు చేతులు మారేటప్పుడే. అందుకని నేను బాకీల దగ్గర మొదలుపెడతాను.

చెప్పడానికి వీలుగా ఒక బేకరీని అనుకుందాం. కేకులు, పఫ్‌లు, స్వీట్లు, కారా అమ్ముతారు. మాస్టరు, హెల్పర్లు, కౌంటర్ అమ్మాయిలు కలిపి పదిమంది దాకా ఉంటారు. మీది బట్టల కొట్టయినా, ప్రింటింగ్ ప్రెస్సయినా, వెల్డింగ్ షాపయినా పేర్లు మార్చుకుంటే సరిపోతుంది.

ముందు బాకీల పుస్తకం రాయండి

బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతుండగా, నీ మీద నీ సహోదరుడికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలిపెట్టి వెళ్లి ముందు అతనితో సమాధానపడమని ప్రభువు చెప్పారు (మత్తయి 5:23-24). మనం దీన్ని ఎక్కువగా మాటామాటా వచ్చి దూరమైన బంధువుల విషయంలోనే వింటాం. వ్యాపారికి మాత్రం ఈ వాక్యం నేరుగా లెక్కల పుస్తకం దగ్గరకే వస్తుంది. మీ మీద విరోధం పెట్టుకోవడానికి న్యాయమైన కారణం ఉన్నవాళ్లలో ఎక్కువమంది మీరు డబ్బు ఇవ్వాల్సినవాళ్లే.

ఒక రాత్రి షట్టరు దించాక కొత్త నోటుపుస్తకం తీయండి. పనివాళ్లకో పేజీ, సరుకు వేసేవాళ్లకో పేజీ, కొనేవాళ్లకో పేజీ, ప్రభుత్వానికి ఒకటి, ఇంటికి ఒకటి పెట్టండి. ఎవరికి ఎంత, ఎప్పటి నుంచి అన్నది పేరు పేరునా రాయండి. మానేసి వెళ్లిపోయిన హెల్పరుకు ఆపిన పదిహేను రోజుల జీతం రాయండి. ఆర్డరు రద్దయ్యాక తిరిగివ్వని అడ్వాన్సు రాయండి. మీ భార్య నగలు కుదువపెట్టి ఓవెన్ కొని ఉంటే అదీ రాయండి. ఏ బాకీ ఏ నెలలో తీరుస్తారో పక్కనే తేదీ వేయండి. తీర్చే శక్తి ఇప్పుడు లేకపోతే ఆ మనిషికి ఫోన్ చేసి, "ఇంత ఇవ్వాలి, ఫలానా తేదీకి ఇస్తాను" అని మీరే చెప్పండి. అడిగేదాకా ఆగకండి.

సుంకాలు వసూలు చేసే జక్కయ్య సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). అన్యాయంగా తీసుకున్న డబ్బు ఎవరిదో వాళ్లకే వెళ్లాలి. దాన్ని గుడికి ఇచ్చేస్తే లెక్క సరిపోదు. జీతాలు ఆపి మందిరం స్లాబుకు సిమెంటు కొనిచ్చే యజమానిని సంఘం వేదిక మీద శాలువాతో సన్మానించడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ సిమెంటులో కూలివాడి వాటా ఉంది. యాకోబు 5:4 ప్రకారం, బిగబట్టిన కూలి మొరపెడుతుంది, ఆ కేకలు దేవుని చెవిలో పడతాయి.

కాటా

"దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము" అని సామెతలు 11:1. ఇప్పుడు గుండ్లు పోయి ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి గానీ దొంగత్రాసు పోలేదు.

స్వీటు షాపుల్లో జరిగేది చూడండి. అట్టపెట్టెతో సహా కాటా మీద పెట్టి అరకిలో మైసూర్‌పాక్ తూస్తారు. పెట్టె బరువు ఎంతుంటే అంత మేర కొనేవాళ్లు అట్టని స్వీటు ధరకు కొంటున్నట్టే. తూనికలు కొలతల చట్టం దీన్ని ఒప్పుకోదు. చేయాల్సిన పని చిన్నదే: ఖాళీ పెట్టె పెట్టి, కాటా మీద 'టేర్' మీట నొక్కి, సున్నా వచ్చాక స్వీటు వేయడం. కౌంటర్ అమ్మాయికి ఇది ఒక్కసారి చెబితే సరిపోదు. రద్దీ వేళల్లో పాత అలవాటు తిరిగొస్తుంది కాబట్టి కాటా పక్కనే కాగితం మీద రాసి అంటించండి. కాటా తెర కొనేవాళ్ల వైపు తిరిగి ఉండాలి. ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖతో ముద్ర వేయించుకోండి. తనిఖీ వస్తుందనే భయంతో కాకుండా, ఆ ముద్ర మీ మాటకు సాక్ష్యమని వేయించుకోండి. కిలో కేకుకు ఆర్డరు తీసుకుంటే క్రీము పూశాక కాటా మీద కిలో ఉండాలి. అలంకరణకు పెట్టిన ప్లాస్టిక్ బొమ్మ ఆ లెక్కలోకి రాదు.

బరువులాగే సరుకు గుణం కూడా. డాల్డాతో చేసినదాన్ని నేతి స్వీటు అనకండి. విడిగా అమ్మే స్వీట్ల ముందు ఏ తేదీలోగా తినాలో రాసిపెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి ఆహార భద్రతా సంస్థ నియమం ఉంది. ఆ చీటీ మీద తేదీని రోజూ ఉదయం మార్చేసే దుకాణాలు ఉన్నాయి, మీది వాటిలో ఒకటి కాకూడదు. కారా వేయించే నూనె నల్లబడి నురగ కడుతుంటే పారబోయండి. నూనె మళ్లీ మళ్లీ కాగినప్పుడు పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే మళ్లీ వాడకూడదని నియమం. కొలిచే పరికరం లేకపోయినా మాస్టరు కంటికి తెలుస్తుంది. "ఇంకో రెండు వాయిలు లాగుదాం" అనే మాట మీ నోటి నుంచి రాకపోతే అతను పారబోస్తాడు.

ఎగ్‌లెస్ కేకు గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి. మన దగ్గర ఎగ్‌లెస్ అడిగేవాళ్లలో చాలామందికి అది ఆచారం, మనస్సాక్షి. కోడిగుడ్డు కలిపిన పిండి గిలక్కొట్టిన గిన్నెనే తుడిచి ఎగ్‌లెస్‌కు వాడితే వాళ్లకు తెలియదు, రుచిలోనూ తేడా రాదు. అయినా మీరు వాళ్ల విశ్వాసాన్ని కాలరాసినట్టే. వేరే గిన్నె, వేరే విస్కు, వేరే ట్రేలు కొని వాటికి పచ్చ టేపు చుట్టండి. అంత జాగ్రత్త మీ వంటగదిలో కుదరకపోతే ఎగ్‌లెస్ మా దగ్గర దొరకదని చెప్పేయండి, ఆ గిరాకీ పోతే పోనివ్వండి. పొరుగువాడి మనస్సాక్షిని కాపాడటం నిన్నువలె నీ పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞలో భాగమే.

జీతం, కుర్చీ, బాత్రూము

కూలివాని కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉండకూడదని లేవీయకాండము 19:13 చెబుతుంది. పొద్దు గూకకముందే ఇచ్చేయమని ద్వితీయోపదేశకాండము 24:15 చెబుతుంది, కారణం కూడా చెబుతుంది: అతను బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. రోజుకూలి అయితే ఆ సాయంత్రమే ఇవ్వండి. నెల జీతాలకు చట్టం 7వ తేదీ దాకా గడువు ఇచ్చింది. మీరు ఒకటో తేదీ పెట్టుకోండి. ఒకటిన ఇవ్వాలంటే ఇరవయ్యో తేదీ నుంచే రోజు అమ్మకంలో కొంత తీసి వేరే ఖాతాలో వేస్తూ రావాలి. ఆ ఖాతాను సరుకు కోసం ముట్టుకోకూడదు. నమ్మకంగా జీతాలిచ్చే యజమానులు పాటించే పద్ధతి ఇదే, ఇందులో వేరే రహస్యం లేదు.

కనీస వేతనం ఎంతో కనుక్కోండి. రెండు రాష్ట్రాల్లోనూ కరువు భత్యం ఏప్రిల్, అక్టోబరుల్లో మారుతుంది, ఆ కాగితం మీ అకౌంటెంటు దగ్గర దొరుకుతుంది. పదిమంది పనివాళ్లు ఉంటే ఈఎస్ఐ, అంటే పనివాళ్ల ఆరోగ్య బీమా కట్టాలి. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకు యజమాని వాటా 3.25 శాతం, పనివాడి వాటా 0.75 శాతం. 12,000 జీతం అయితే మీది 390, అతనిది 90. అతని భార్యకు పురుడొచ్చినా, ఓవెన్ దగ్గర చెయ్యి కాలినా ఆ 480 రూపాయలే ఆసుపత్రి తలుపు తీస్తాయి. రిజిస్టరులో తొమ్మిది పేర్లే చూపించి పదోవాణ్ణి దాచే పద్ధతి చాలా చోట్ల ఉంది. దాచిన ఆ పదోవాడికి కాలినప్పుడు మీరు చేసే ప్రార్థనకు అర్థం ఉండదు.

అడ్వాన్సుల విషయంలో జాగ్రత్తగా ఉండండి. పనిలో చేరేటప్పుడు ఇరవై వేలో ముప్పై వేలో ఇచ్చి, అది తీరేదాకా వెళ్లనివ్వకపోవడం, ఆధార్ కార్డో ఏటీఎం కార్డో టెన్త్ మార్కుల జాబితానో సొరుగులో పెట్టుకోవడం మామూలైపోయింది. తిరగటిని గానీ పై తిరగటిరాతిని గానీ తాకట్టు పట్టకూడదని ధర్మశాస్త్రం (ద్వితీయోపదేశకాండము 24:6), ఎందుకంటే అది ఆ మనిషి బతుకుతెరువు. ఈ రోజుల్లో ఆ కాగితాలూ అలాంటివే. ఇప్పుడే సొరుగు తీసి ఎవరివి వాళ్లకు ఇచ్చేయండి. ఇచ్చిన అడ్వాన్సు జీతంలో నెలకు ఇంతని కోసుకుంటామని కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, అతనికో నకలు ఇవ్వండి. ఎగ్గొట్టి పోయేవాడు పోతాడు. ఆ నష్టం భరించగలిగినంతే అడ్వాన్సుగా ఇవ్వండి.

కౌంటర్ అమ్మాయిలు పొద్దున తొమ్మిదికి వచ్చి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉంటారు. చాలా కొట్లలో ఆడవాళ్లకు బాత్రూము ఉండదు. అందుకని వాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు, మూత్రంలో మంటతో, జ్వరంతో పనికొస్తారు, ఎవరికీ చెప్పుకోరు. మీ కొట్లో ఒక పని చేయండి: మధ్యాహ్నం మూడింటికి వాళ్ల నీళ్ల సీసాలు చూడండి. నిండుగా ఉంటే ఏడాది మొత్తానికి మీరు చేయగల మంచి పని ఏమిటో మీకు అర్థమైపోతుంది. సొంతంగా కట్టించే చోటు లేకపోతే పక్క కాంప్లెక్సు వాళ్లతో మాట్లాడి తాళం తీసుకోండి, శుభ్రం చేసే మనిషి ఖర్చు మీరు పెట్టుకోండి. కౌంటర్ వెనక కుర్చీలు వేయండి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇస్తూ చట్టం సవరించాయి. కుర్చీ వేయడానికి చట్టం చెప్పిందా లేదా అని విశ్వాసి చూడాల్సిన అవసరం లేదు.

చెక్కలు, మురుకులు, కజ్జికాయలు ఇళ్ల దగ్గర ఆడవాళ్లతో చేయించి కిలోకింతని ఇస్తుంటారు. వాళ్లు మీ కొట్టుకు రారు కాబట్టి మీకు కనబడరు. 19వ శతాబ్దంలో మిషనరీలు గోదావరి ప్రాంతంలో పేద స్త్రీలకు లేసు అల్లిక నేర్పింది వాళ్ల చేతికి నాలుగు డబ్బులు రావాలనే. నర్సాపురం లేసు తర్వాత విదేశాలకు వెళ్లే పెద్ద వ్యాపారమైంది, అల్లిన చేతులకు మాత్రం కూలి తక్కువే దక్కింది. మంచి ఉద్దేశంతో మొదలైన పని కూడా లెక్క చూసేవాడు లేకపోతే అలా మారుతుంది. కిలో చెక్కలకు ఎన్ని గంటలు పడుతుందో వాళ్ల ఇంటికి వెళ్లి ఒకరోజు కూర్చుని చూడండి, గంటకు ఎంత పడుతుందో లెక్కేయండి. తర్వాత రేటు మీకే తెలుస్తుంది.

కులం గురించి కూడా. బాప్తిస్మం తీసుకున్నా మన వంటగదుల్లో కులం ఉంది. కౌంటర్ మీద ఎవర్ని నిలబెడతారు, గిన్నెలు ఎవరితో తోమిస్తారు, టీ ఎవరికి గాజుగ్లాసులో, ఎవరికి పేపరు కప్పులో ఇస్తారు అన్నది ఒకసారి గమనించండి. పక్షపాతం గురించి యాకోబు పత్రిక రెండో అధ్యాయం రాసింది కూటానికి వచ్చినవాళ్లను ఎక్కడ కూర్చోబెడుతున్నారన్న దాని గురించే. ఉద్యోగానికి వచ్చినవాళ్లను "మీరేమిట్లు?" అని అడగడం ఇవాళే మానేయండి. అందరికీ ఒకే రకం గ్లాసు పెట్టండి, అందరితో పాటు మీరూ అందులోనే తాగండి.

పన్ను, సిలిండరు, మామూళ్లు

బిల్లు అడిగితే ఒక రేటు, వద్దంటే ఒక రేటు చెప్పకండి. చిన్న వ్యాపారులు అమ్మకం మీద తక్కువ శాతం పన్ను తామే కట్టే కాంపొజిషన్ స్కీములో ఉన్న బేకరీ కొనేవాళ్ల దగ్గర జీఎస్టీ వేరుగా వసూలు చేయకూడదు. బిల్లు మీద 'బిల్ ఆఫ్ సప్లయ్' అని ఉండాలి. ఆ స్కీములో ఉండి బిల్లులో జీఎస్టీ గీత కలిపితే అది ప్రభుత్వానికి వెళ్లని డబ్బు. ఎవరికి పన్ను ఇవ్వాలో వాళ్లకు పన్ను ఇవ్వమన్న రోమా 13:7 రాసిన రోజుల్లో రాజ్యమేలింది రోమా చక్రవర్తి. "మన డబ్బు నాయకులు తింటున్నారు" అనే సాకు అప్పుడూ ఉండే ఉంటుంది.

ఇంటి వాడకానికి ఇచ్చే 14.2 కిలోల ఎర్ర సిలిండరును బేకరీలో వాడటం చట్టానికి విరుద్ధం. వ్యాపారానికి 19 కిలోల సిలిండరు ఉంది. ఖర్చు ఎక్కువే. ఆ ఖర్చు వేసుకుని పఫ్ ధర లెక్కగట్టండి. అసలు ఖర్చంతా వేశాక నిలబడని ధర మొదటి నుంచీ అబద్ధపు ధరే.

ఇక మామూళ్లు. ఇది అన్నిటికంటే కష్టమైనది, తేలిగ్గా చెప్పి వదిలేయలేను. ముందు మీ కాగితాలన్నీ సరిగ్గా పెట్టుకోండి: ఫుడ్ లైసెన్సు, ట్రేడ్ లైసెన్సు, కాటా ముద్ర, ఫైరు పరికరాలు. లోపం ఉన్నవాడే లంచానికి లొంగుతాడు. లోపం కప్పిపుచ్చుకోవడానికి ఇచ్చే డబ్బుకు ఏ సాకూ లేదు. లోపం లేకపోయినా ఫైలు ఆపి పీడించేవాళ్లు ఉన్నారు. అప్పుడు మూడు పనులు చేయండి: ఆలస్యానికి సిద్ధపడండి, ప్రతి దరఖాస్తూ ఆన్‌లైన్‌లో పెట్టి రసీదు ఉంచుకోండి, ఒంటరిగా ఆఫీసుకు వెళ్లకండి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడూ శిక్షార్హుడే. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేసినవాడికి రక్షణ ఉంది. తెలంగాణలో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నంబరు 1064. ఇవ్వనని తేల్చి చెప్పి ఆరునెలలు దుకాణం తెరవలేకపోయిన విశ్వాసి ఉంటే సంఘం అతని అద్దెలో పాలు పంచుకోవాలి. అతనొక్కణ్ణి వదిలేసి లంచం మీద ప్రసంగం చేయడం న్యాయం కాదు.

ఒక్కటే ధర, ఒక్కటే మాట

17వ శతాబ్దపు ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ అనే బోధకుణ్ణి అనుసరించిన క్వేకర్లు, బేరాలే రివాజుగా ఉన్న రోజుల్లో వస్తువుకు ఒక్కటే ధర చెప్పడం మొదలుపెట్టారు. మొదట్లో గిరాకీ పోయింది. కొన్నాళ్లకు, పిల్లవాణ్ణి పంపినా పెద్దవాళ్లకిచ్చినట్టే ఇస్తారని తెలిసి జనం వాళ్ల దుకాణాల కోసం వెతికారు. ఆ సమాజం నుంచే 1824లో బర్మింగ్‌హామ్‌లో జాన్ క్యాడ్‌బరీ టీ, కాఫీ, కోకో అమ్మే కొట్టు పెట్టాడు. పనివాళ్ల బాగోగులకు ఆ కుటుంబం చేసింది చాలా ఉంది. అదే కంపెనీ, సావో తోమే దీవుల్లో బానిసల చేత పండించిన కోకో కొంటోందని 1901లో తెలిశాక కూడా, ఆ కొనుగోలు ఆపడానికి 1909 దాకా పట్టింది. దుకాణం లోపల న్యాయంగా ఉంటే చాలదు, గుమ్మం ముందు దిగే సరుకు ఎక్కడిదో అడగాలి. మైదా బస్తాలు దించడానికి వచ్చిన పిల్లవాడికి పద్నాలుగేళ్లు లేవనిపిస్తే ఆ వ్యాపారికి అప్పుడే ఫోన్ చేయండి.

మాట విషయం చిన్నది గానీ రోజూ ఎదురయ్యేది. ఆరింటికి కేకు ఇస్తానంటే ఆరింటికే ఇవ్వాలి. ఇంకా ఓవెన్‌లో పెట్టని కేకును "దారిలో ఉందండి" అనకండి, కౌంటర్ అమ్మాయి చేత అనిపించకండి. "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు" అన్నది (మత్తయి 5:37) మీ ఫోను దగ్గర మొదలవుతుంది. అప్పులవాడు ఫోన్ చేస్తే "సారు లేరని చెప్పు" అని పనివాడితో అబద్ధం చెప్పించిన రోజు, వాడికి మీరు ఏ సువార్త చెప్పినా వినిపించదు.

ఆదివారం, దసరా, ప్రార్థన

ఆదివారం బేకరీకి మంచి అమ్మకం ఉండే రోజు. పుట్టినరోజులన్నీ ఆదివారానికే జరుపుకుంటారు. పూర్తిగా మూసేవాళ్లను నేను గౌరవిస్తాను, మధ్యాహ్నం నుంచి తెరిచేవాళ్లను తప్పుపట్టను. కానీ నిర్గమకాండము 20:10లో విశ్రాంతి ఆజ్ఞ దాసుడి పేరూ దాసి పేరూ, ఇంట్లో ఉన్న పరదేశి పేరూ కూడా చెబుతుంది. మీరు ఆరాధనలో ఉండగా మాస్టరు ఏడో రోజు కూడా పిండి కలుపుతూ ఉంటే ఆజ్ఞను మీరు సగమే పాటించారు. ప్రతి మనిషికీ వారంలో ఒక పూర్తి సెలవు, జీతం కోత లేకుండా ఇవ్వండి. అది ఏ రోజన్నది వాళ్లతో మాట్లాడి పెట్టుకోండి. ముస్లిం కుర్రాడికి శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు గంట వదలండి.

దసరాకు మీ దగ్గర పనిచేసే హిందువులు ఓవెన్‌కి పసుపు కుంకుమ పెట్టాలనుకుంటారు. పండగ దగ్గర పడ్డాక గొడవ పడకుండా నెల ముందే కూర్చోబెట్టి మాట్లాడండి: నా నమ్మకం ఇది, నేను పూజలో పాల్గొనలేను, మీ పండగకు సెలవూ బోనసూ ఇస్తాను, మీ సొంత పనిముట్లకు మీరు చేసుకోవడానికి నేను అడ్డు చెప్పను. ఇలా మర్యాదగా చెబితే అర్థం చేసుకోని మనిషి అరుదు.

ఉదయం ప్రార్థన పెట్టుకుంటే డ్యూటీ మొదలవకముందు పెట్టుకోండి, రావాలన్న నియమం పెట్టకండి, రాని వాళ్ల మీద మనసులో గుర్తు పెట్టుకోకండి. జీతం ఇచ్చే చేయి ప్రార్థనకు పిలిస్తే పనివాడు కాదనలేడు, అలా వచ్చినవాడి మోకాళ్లు వంగుతాయి గానీ మనసు రాదు. బోయజు పొలంలోకి వచ్చి కోత కోసేవాళ్లను "యెహోవా మీకు తోడై యుండును గాక" అని పలకరించాడు (రూతు 2:4). ఆ పలకరింపు నిజమని వాళ్లకు తెలియడానికి కారణం ఆ పొలంలో పరదేశి ఆడపిల్ల భయం లేకుండా పరిగె ఏరుకోగలిగింది. ఆడపిల్లల మీద చెయ్యి వేసే మాస్టరు ఎంత పనితనం ఉన్నవాడైనా మీ దగ్గర ఉండకూడదు. పదిమంది ఉన్న చోట ఫిర్యాదుల కమిటీ పెట్టాలని పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం చెబుతోంది, పెట్టండి.

సంఘంలో వాళ్లతో లావాదేవీలు

విశ్వాసి దుకాణమని డిస్కౌంటు అడుగుతారు, అప్పు అడుగుతారు, కూడికకు టిఫిన్లు ఉచితంగా అడుగుతారు. ఇవ్వగలిగింది సంతోషంగా ఇవ్వండి, ఇవ్వలేనిది ముఖం మీదే చెప్పండి. చేబదులు ఇస్తే తిరిగి రాకపోయినా స్నేహం చెడదన్నంతే ఇవ్వండి. అంతకంటే పెద్దదైతే ప్రామిసరీ నోటు రాయించండి. కాగితం అడగడం అపనమ్మకం కాదు, రేపు ఇద్దరి పిల్లలూ గొడవ పడకుండా చేసే మేలు. పాస్టరు గారితో గానీ సంఘ పెద్దలతో గానీ భాగస్వామ్యం పెట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. లెక్క అడగాల్సి వచ్చినప్పుడు నోరు రాదు. హామీ సంతకాల గురించి సామెతలు 22:26-27 చెప్పింది కఠినంగా ఉంటుంది, కట్టలేకపోతే నీ కిందున్న పరుపు కూడా లాక్కుపోతారని. దాన్ని అలాగే పాటించండి.

వడ్డీకి తిప్పకండి. నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం. పనివాడి కష్టకాలంలో అతనికి వడ్డీకి ఇచ్చే యజమాని, డబ్బు వడ్డీకి ఇవ్వనివాణ్ణి మెచ్చుకునే కీర్తన 15 చదువుకోవాలి.

ఆ తర్వాత కానుక

దశమభాగం అమ్మకం మీద కాదు, మిగులు మీద. మూడు లక్షల అమ్మకంలో మైదా, జీతాలు, అద్దె, కరెంటు, గ్యాసు, పన్ను పోగా నలభై వేలు మిగిలితే ఆ నలభై వేలే మీ రాబడి. బ్యాంకు ఇచ్చిన లోను రాబడి కాదు, అందులోంచి కానుక తీస్తే మీరు ఇచ్చేది బ్యాంకు డబ్బు. మీకూ, కొట్లో కూర్చునే మీ భార్యకూ నెలకు ఇంతని జీతం రాసుకోండి. గల్లాపెట్టెలోంచి తీసి ఇంటికీ, మందిరానికీ లెక్క లేకుండా ఇచ్చే పద్ధతి ఆపండి.

రాత్రి మిగిలిన బన్నులు, పఫ్‌లు ఎవరికైనా ఇవ్వాలనుకుంటే అవి పాడవకముందే, మీ పిల్లలకు పెట్టగలిగినట్టుగా ఉన్నప్పుడే ఇవ్వండి. పొలం అంచులు కోయకుండా వదలమన్నది (లేవీయకాండము 19:9) మంచి పంటలోంచే. ఫొటో తీయకండి.

డిసెంబరు మొదటి వారంలోనే క్రిస్మస్ పని పట్టిక వేసుకోండి. ప్లమ్ కేకుల ఆర్డర్లు ఎన్ని పట్టగలరో లెక్కేసి, ఆ సంఖ్య దాటాక ఆర్డర్లు ఆపేయండి. 24 రాత్రి మీరు తెల్లబట్టలతో కొవ్వొత్తుల ఆరాధనలో ఉంటారు, ఓవెన్ ముందు మీ మాస్టరు ఉంటాడు. కాబట్టి ఆఖరి వాయి సాయంత్రం ఆరింటికి దిగేటట్టు చూసుకోండి. అదనపు గంటలకు చట్టం చెప్పిన రెట్టింపు కూలి, పండగ బోనసు ఆ రోజే చేతిలో పెట్టండి. ఒక్కొక్కరికీ కిలో కేకు, ముందు వాళ్ల పేరు మీద తీసిపెట్టినది, ఇచ్చి ఇంటికి పంపండి. దూరం ఊళ్ల వాళ్లకు బస్సు టిక్కెట్లు వారం ముందే తీయించండి, పండగ ముందు రోజు సీటు దొరకదు.